ఫోను రోజా

మా స్కూలుకు కొత్తగా వచ్చిన సైన్సు మేడం మొన్న మధ్యాహ్నం స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా మూత తీసింది. అందులో ఉడకబెట్టిన గుడ్లు, కీర ముక్కలు, ఇంత పాలకూర వేపుడు తప్ప ఏమీ లేవు.

"అన్నమేదమ్మా?" అని అడిగాను.

"లో కార్బ్ మేడం. ఇంటర్మిటెంట్ ఫాస్టింగు గూడ చేస్తాన. పొద్దున్నుంచి ఇదే మొదటి తిండి."

"ఓహో, ఫోను రోజానా?" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో వచ్చేసింది. ఆ అమ్మాయి అర్థంకాక నా ముఖం చూసింది. చెబుదామని నవ్వబోయాను గాని నవ్వు సగంలోనే ఆగింది. ఆ మాట పుట్టించిన మనిషి పోయిన ఎండాకాలంలో నిద్రలోనే కన్నుమూసింది. ఆమె లేదని నాకు రోజూ తెలుసు, కానీ ఆ పూట గుడ్ల డబ్బా ముందు తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు.

హనుమకొండలో మేము అద్దెకుండే ఇంటి ఓనరు ఆమె. పై పోర్షన్లో మేము, కింద ఆమె, కొడుకు, కోడలు. మరిపెడ పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి కాబట్టి ఇంట్లో అంతా తెలుగే. ఉర్దూ అయితే చుట్టాలొచ్చినప్పుడో, కోపమొచ్చినప్పుడో మాత్రమే వినిపించేది. వాడకట్టు మొత్తం ఆమెను ఖాలా, అంటే చిన్నమ్మా, అనేవాళ్లు. పేరు పెట్టి పిలవగా నేను ఎన్నడూ వినలేదు.

ఖాలా పెద్ద మనిషి. వయసులో కంటే కొలతలో ఇంకా పెద్ద. ఆటోలో ఆమె ఎక్కితే డ్రైవరు వెనక్కి తిరిగి చూసి, ఇంకొకళ్లను ఎక్కించుకునే ఆశ వదులుకునేవాడు. "సూస్తవేంది కొడుకా, నేనొక్కదాన్ని ఇద్దరి పెట్టు" అని ఆమే ముందు అనేసేది. నేనూ సన్నజాజి తీగనేమీ కాదు గనుక మేమిద్దరం కలిసి బజారుకు పోతే రెండు ఆటోలు కావాలని మా ఆయన వెక్కిరించేవాడు.

మెట్ల దగ్గర ఎవరు కనబడినా ఆమె అడిగే మొదటి మాట "తిన్నవా?" రెండో మాట "ఏం తిన్నవ్?" ఆ జవాబును బట్టి మనిషిని అంచనా వేసేది. ఒకసారి మా ఆయన "ఆకలైతలేదు ఖాలా" అన్నాడు. అప్పటినుంచి ఆయన్ను అనుమానంగా చూడడం మొదలుపెట్టింది. "ఆకలి లేనోని మనసుల ఏందో ఉంటది బిడ్డా, జర కనిపెట్టుకోనుండు" అని నా చెవిలో చెప్పింది కూడా. వడ్డించేటప్పుడు "గిదే ఆఖరు" అనేది. ప్రతి గంటెకూ అదే మాట. ఆ ఆఖరు ఎప్పటికీ వచ్చేది కాదు, మన విస్తరి మీద పడుకుంటే తప్ప.

అంత తిండిమనిషి తిండి మానడానికి ఒకే ఒక్క కారణం ఉంది. అది కుర్చీ.

ఆమె మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. కింద కూర్చుంటే లేవలేదు, అసలు కూర్చోనే లేదు. అందుకని వంటింటి పక్క గదిలో పడమటి గోడకు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని అందులోనే నమాజు చేసేది. నుదురు నేలకు ఆనించే సజ్దా దగ్గరికి వచ్చేసరికి కుర్చీలోనే ఇంత ముందుకు వంగి, గాలిలో ఆగి, మళ్లీ నిటారుగా కూర్చునేది. అయిపోయాక ప్రతిసారీ ఆ నేల వైపు ఒకసారి చూసేది. బస్సు వెళ్లిపోయిన రోడ్డు వైపు చూసినట్టు ఉండేది ఆ చూపు.

కొడుకు మసీదులో పెద్దాయనను అడిగి వచ్చాడు. చేతకానివాళ్లు కుర్చీలో చేసినా కబూలేనని, అల్లా ఒప్పుకుంటాడని, మనసులో ఏ శంకా పెట్టుకోవద్దని ఆయన చెప్పి పంపించాడు. ఖాలా అంతా శ్రద్ధగా విన్నది.

"అల్లాకు కబూలే బిడ్డా. నాకే కబూల్ గాదు" అంది నాతో. "కుర్చీల కూసోని అడుగుడంటె ఆఫీసుకు పని మీద పోయినట్టుంటది. నుదురు నేలకు తాకాలె. గప్పుడు అడిగినట్టు."

ఎముకల డాక్టరు మాత్రం తేల్చి చెప్పాడు. ముందు బరువు తగ్గాలి, తగ్గితే మోకాళ్లు కొంతైనా మాట వింటాయి, ఆపరేషన్ సంగతి ఆ తర్వాత. కుర్చీ వదలొద్దని కూడా అన్నాడు. "ఆయన కూసునేదే కుర్చీల. ఇంకేం జెప్తడు?" అని ఖాలా సగం మాటే నెత్తికెక్కించుకుంది.

కోడలు ఫోనులో వెతికింది. ఒకాయన వీడియోలో అరగంట మాట్లాడి రెండు సంగతులు చెప్పాడు. అన్నం, రొట్టె, చక్కెర, ఆలుగడ్డ బంద్ పెట్టి గుడ్లు, మాంసం, ఆకుకూరలు తినాలి. ఆ తినేది కూడా మధ్యాహ్నం మొదలుపెట్టి పొద్దుగూకేలోపు ముగించాలి, మిగతా సమయమంతా ఉపవాసం. ఉపవాసం అన్న మాట చెవిన పడగానే ఖాలా ముఖం వెలిగింది.

"గింతేనా? రోజాలుండుడు నాకు కొత్తనా?"

"అమ్మీ, ఇందుల నీళ్లు తాగొచ్చట. ఎన్నన్న తాగొచ్చట" అంది కోడలు.

"నీళ్లు తాగినంక ఇగ రోజా ఏంది? పిల్లల ఆటనా?"

"గిది రోజా గాదమ్మీ, ఫోనుల జెప్పింది."

"అయితె ఫోను రోజా. ఏ రోజా అయినా రోజానే."

ఆ పేరు అట్లా స్థిరపడింది. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ఆమె తన పద్ధతిలోనే మొదలుపెట్టింది. తెల్లవారకముందే లేచి ఇంత తిని, షుగరు గోలీ వేసుకొని, పొద్దుగూకే దాకా గుటకెడు నీళ్లు కూడా ముట్టేది కాదు. పొద్దుగూకాక ఎప్పటి అలవాటు ప్రకారం ఖర్జూరపండుతో విడిచేది. ఖర్జూరపండు వెనక షర్బతు వచ్చేది, షర్బతు వెనక సమోసాలు. వీడియో ఆయన వద్దన్నవన్నీ ఆ అరగంటలో ఒక్కటొక్కటే హాజరు వేయించుకునేవి. వారం తర్వాత కోడలు బరువు మిషను ఎక్కిస్తే ముల్లు ముందుకే జరిగింది.

"మిషను ఖరాబైంది" అని ఖాలా తీర్పు చెప్పింది. పక్కింటి మిషను తెచ్చి చూశారు. అది ఇంకొంచెం ఎక్కువే చూపించింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం పెరట్లోంచి కోడలు అరుపు వినిపించి నేను మెట్లు దిగి ఉరికాను. నల్లా దగ్గర ఖాలా గోడకు ఒరిగి కూర్చుని ఉంది. ఒళ్లంతా చెమట, పిలిస్తే సరిగా పలకడం లేదు. కోడలు నాలుక మీద చక్కెర వేసింది. కొంచెం తేరుకున్నాక ఇద్దరం ఎట్లాగో ఆటోలో వేసుకొని దవాఖానకు తీసుకుపోయాం. ఆమె కళ్లు తెరవగానే నర్సును "తిన్నవా బిడ్డా?" అని అడిగింది.

డాక్టరమ్మకు జరిగిందంతా చెప్పాం. ఆమె కోపం దాచుకోలేదు.

"షుగరు గోలీ ఏసుకొని ఎండల తిండి లేక, నీళ్లు లేక ఉంటరా పెద్దమ్మా? పానం మీదికి తెచ్చుకుంటరా?"

"నెల రోజాలు ఉంటనమ్మా నేను. నాకేం గాదు."

"రంజానుకు ముందుగాల వచ్చి గోలీలు మార్పించుకోని పోతవు గదా. మరి దీనికెందుకు రాలె?"

డాక్టరమ్మ గోలీలు మార్చింది. రాత్రి తిండి తొందరగా ముగించడం, పొద్దున ఆలస్యంగా తినడం, అన్నం బాగా తగ్గించడం చేయవచ్చు గాని నీళ్లు తాగి తీరాలని, నెలనెలా వచ్చి చూపించుకోవాలని చెప్పింది. షుగరు ఉన్నవాళ్లు ఇటువంటివి ఫోను చూసి చేస్తే కుర్చీ కూడా మిగలదు, మంచమే మిగులుతుందని బెదిరించింది. కుర్చీ మాట ఎత్తడం మంచిదయింది. ఆ రోజు నుంచి ఖాలా నీళ్లు తాగింది.

తాగడమైతే తాగింది గాని ఆ తాగే తీరు చూడాలి. ఉపవాసపు వేళలో నీళ్లు తాగాల్సి వస్తే చెంబు పట్టుకొని గోడ వైపు తిరిగేది. కొంగు తల మీది నుంచి ముఖం మీదికి లాక్కునేది. ఆ కొంగు లోపల గుటగుటా తాగి, మూతి తుడుచుకొని, ఏమీ ఎరగనట్టు ఇటు తిరిగేది. "ఎవరు జూస్తాండ్రు ఖాలా, తాగరాదు?" అంటే, "ఎవలు జూడకున్నా నాకు షరమైతాంది" అనేది. తాను అల్లా రోజా ఉండడం లేదని ఆమెకు తెలుసు. అయినా రోజా అన్న పేరుకే ఆమె అంత మర్యాద ఇచ్చేది.

ఆమెకు తోడుగా నేనూ మొదలుపెట్టాను. తోడు అన్నది పైకి చెప్పిన కారణం. నా రవికలన్నీ ఒకదాని తర్వాత ఒకటి బిగుతై టైలరు దగ్గరికి పోతున్నాయన్నది అసలు సంగతి. శనివారం ఒక్కపొద్దులు ఎన్నో ఏళ్లుగా ఉంటున్నదాన్ని, నాకూ ఇది కొత్త కాదనే అనుకున్నాను. అన్నం ముట్టకుండా దీక్షగా కూర్చున్న మొదటి రోజునే ఖాలా పట్టుకుంది. పైకి రాలేదు కాబట్టి కింది నుంచే కేక వేసి, నా పళ్లెం పట్టుకొని దిగిరమ్మంది.

"గిదేంది?"

"ఉప్మా. అన్నం తింటలేను గదా ఖాలా."

"రవ్వ గోధుమలది గాదా? గంపెడున్నది గదనే టీచరమ్మా! మీ ఒక్కపొద్దుల అన్నం ఒక్కటే తిండా, కడమయి గాలా?"

"మరి నీ ఖర్జూరపండ్లు, సమోసలు? అవి ఆకుకూరలా?"

ఇద్దరం మెట్ల మీద, అంటే నేను మెట్ల మీద ఆమె కుర్చీలో, కడుపు పట్టుకొని నవ్వాం. ఆలోచిస్తే నిజమే. పస్తులుండడంలో మాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదని ఇద్దరికీ మహా గర్వం. ఆమెది నీళ్లు లేని గర్వం, నాది అన్నం లేని గర్వం. ఆ ఉప్మా కోడలు తిన్నది.

అసలు కష్టం ఉపవాసం కాదు, అన్నం లేకపోవడం. నాకు ఆ సంగతి ఆమె పళ్లెం చూశాక అర్థమైంది. తోటకూర, ఖీమా, గుడ్డు అన్నీ పళ్లెం అంచుల్లో వడ్డించుకునేది. నడుమ జాగా ఖాళీగా ఉండేది. అన్నం పెట్టుకునే జాగా అది. కూరలు అంతా పరుచుకొని తినవచ్చు గదా అంటే, "గది అన్నం జాగ. దాన్ల ఇంకోటి ఎట్ల పెడుత?" అనేది. కొన్నిసార్లు మాటల్లో పడి ఆమె వేళ్లు ఆ ఖాళీ జాగాలోకి పోయి కలిపేవి. ఏమీ లేదని వేళ్లకు తెలిసి ఆగేవి. ఒకరోజు అట్లా ఆగినప్పుడు ఆమె కళ్లలో నీళ్లు చూశాను. వరి పండించే ఇంట్లో పుట్టి, జన్మంతా పదిమందికి అన్నం పెట్టిన చెయ్యి అది. నాకు చాలా బాధనిపించింది. చాలించు ఖాలా, కుర్చీలోనే కానియ్ అందామని నోటి దాకా వచ్చింది.

ఇంటిల్లిపాదికీ అన్నం మాత్రం ఆమే వండేది. శుక్రవారం బగారన్నం మూత తీసి, వచ్చిన ఆవిరిని రెండు చేతులతో ముఖం మీదికి తోసుకునేది. "వాసనకు బరువుండదు గదా?" అని నన్ను అడిగేది. సైన్సు నాది కాదు గనుక ఉండదని ధైర్యంగా చెప్పేదాన్ని.

తొర్రూరులో ఆమె చెల్లెలి మనవరాలి పెళ్లి అయితే నన్నూ తీసుకుపోయింది. దావతులో బిర్యానీ ముందు పెట్టుకొని తినకపోతే పెట్టినవాళ్లను తిట్టినట్టే. ఖాలా ఇంకా నోట్లో ఏమీ పెట్టకుండా ముక్కలు ఏరి అన్నం పక్కకు జరుపుతుంటే చెల్లెలు చూసింది.

"ఏందక్కా, మంచిగ లేదా?"

"వాసనకే మస్తున్నది."

"మరి? ఇయ్యాల రోజానా ఏంది?"

అవునంటే ఆ గండం గడిచేది. కానీ రోజా పేరు మీద అబద్ధమాడడం ఆమె వల్ల కాదు. చెల్లెలి ముఖం చిన్నబోతుంటే చూడడం కూడా ఆమె వల్ల కాదు. తిన్నది. మొదట మొహమాటానికి తిన్నది, తర్వాత మొహమాటం లేకుండా తిన్నది. నేనూ శక్తివంచన లేకుండా తోడున్నాను. తిరుగు బస్సులో వర్ధన్నపేట దాటాక ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"తిన్నందుకు గాదు బిడ్డా. తింటాంటె పానం గంత సల్లగైంది సూడు, గందుకు బుగులైతాంది. ఇగ నాతోని గాదేమో."

నేను ఓదార్పు మాటలు వెతుక్కుంటుంటే ఆమే నా చెయ్యి వదిలేసింది. "పొద్దుగాల తోటకూర కడిగి పెట్టుమని కోడలుకు ఫోన్ జెయ్యి" అంది.

బరువు మిషనును ఆమె చివరి దాకా నమ్మలేదు. తన కొలత తానే చేసుకుంది. పాత బొంతలన్నీ మడతలు పెట్టించి ఒకదాని మీద ఒకటి పేర్పించి, కుర్చీ ఎత్తుకు కొంచెం తక్కువగా గద్దె చేయించింది. దాని మీద కూర్చోవడం, కుర్చీ పట్టుకొని లేవడం. అది సులువైన రోజున "తియ్యి ఒకటి" అని కోడలికి చెప్పేది. ఒక బొంత తీసేవారు. మళ్లీ కొన్నాళ్లు ఆ ఎత్తు మీద కూర్చోవడం, లేవడం. నొప్పి పుడితే తీసిన బొంత తిరిగి వచ్చేది. మనిషి సన్నబడుతోందని పైన ఉన్న నాకు ఆమె ముఖం చూసి కాదు, మా పిట్టగోడ మీదికి ఎండకు వచ్చే, గద్దెలోంచి తీసేసిన బొంతలను చూసి తెలిసేది. కాలు చాపడం, మడవడం కూడా దవాఖానలో నేర్పారు. అవి చేస్తూ తన మోకాళ్లను ఉర్దూలో తిట్టేది.

మరీ సన్నబడలేదు. కొత్తగా చూసినవాళ్లకు ఖాలా అప్పటికీ పెద్ద మనిషే. కానీ డాక్టరమ్మ షుగరు చూసి మెచ్చుకుంది, గోలీ ఒకటి తగ్గించింది. చనిపోయే రోజు దాకా రోజుకు ఒక్క పూటైనా నమాజు నేల మీదే చేసిందని తర్వాత కోడలు చెప్పింది. నేను చూసింది మొదటిసారి ఒక్కటే.

చలికాలం, మధ్యాహ్నం పూట. బొంతలు అన్నీ పోయి ఒక్కటి మిగిలిన రోజులవి. ఏదో గిన్నె తిరిగి ఇవ్వడానికి నేను కిందికి దిగాను. కోడలు వంటింటి గడపలో నిలబడి నన్ను చేతితో ఆపింది. లోపల ఖాలా కుర్చీలోనే నమాజు ముగించింది. ముగించి, లేచి, కాలితో ఆ మిగిలిన బొంతను కూడా పక్కకు తోసింది.

"నమాజు నడుమల పడితె నమాజు ఖరాబైతది" అంది మమ్మల్ని చూసి. "అయినంక పడితె నేనొక్కదాన్నే ఖరాబైత. దగ్గరికి రాకుండ్రి."

కుర్చీ చెయ్యి పట్టుకుంది. ఒక మోకాలు దిగింది. పళ్లు బిగబట్టి కొంతసేపు అట్లాగే ఉంది. రెండోది దిగింది. కుర్చీ వదిలి అరచేతులు కింద పరిచిన చాప మీద పెట్టింది. ఆ చేతుల మీద ఇంత బరువూ మెల్లగా ముందుకు జరిగి నుదురు నేలను తాకింది.

కోడలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అని ఇద్దరం చూస్తున్నాం. లేవలేదు. కదలలేదు కూడా. పొయ్యి మీద కుక్కరు కూత వేసింది. నాకు నల్లా దగ్గరి చెమట గుర్తొచ్చింది.

"ఖాలా!" అన్నాను. పలకలేదు. "అమ్మీ!" అంది కోడలు.

ఇద్దరం ఒక్క ఉరుకున లోపలికి పోయి చెరో రెక్క పట్టుకున్నాం. పైకి ఎత్తబోతుంటే చాపలోంచి ఆమె గొంతు వచ్చింది.

"ఇడువుండ్రి."

"లేవస్తలేదా అమ్మీ?"

"వస్తదో రాదో మల్ల సూద్దాం. ఇన్నేండ్లకు వచ్చిన గదనే. జరసేపు ఉండనియ్యుండ్రి."

మేము చేతులు వదిలేశాం. కోడలు పోయి పొయ్యి ఆర్పి వచ్చింది. ఆమెకు చెరో పక్కన నేల మీద కూర్చున్నాం.